చింగ్ వంశం 1912 దాటి బతకాలంటే ఒక్క మార్పు ఎక్కడ చేయాలి?

తూర్పుగాలి

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 1644 నుంచి చైనాను ఏలిన మంచూల చింగ్ వంశం 1912 ఫిబ్రవరి 12న గద్దె దిగింది. అప్పటికి చక్రవర్తి పూయీకి ఆరేళ్లు నిండి వారం కూడా కాలేదు. జరిగిందంతా అలాగే ఉంచి, ఒక్కచోట ఒక్క మార్పు చేసే వీలు మీకు ఉంటే ఎక్కడ చేస్తారు?

షరతులు రెండే. ఆ మార్పు మనుషుల చేతుల్లో జరగగలిగినదై ఉండాలి. ఆ తర్వాత ఏం జరిగేదో కారణాలతో చెప్పాలి.

నా ఎంపిక 1898 సెప్టెంబరు 18 రాత్రి. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. జపాన్ చేతిలో ఓడిపోయాక గ్వాంగ్‌షూ చక్రవర్తి 1898 జూన్ 11న సంస్కరణలు మొదలుపెట్టాడు. బళ్లు, సైన్యం, వ్యవసాయం, ఉద్యోగ పరీక్షలు, పని లేని పదవుల రద్దు, ఇలా ఉత్తర్వు మీద ఉత్తర్వు. మొత్తం 103 రోజులు సాగింది. సెప్టెంబరు 21న ఆయన పెద్దమ్మ, రాజమాత త్సిషీ అధికారం మళ్లీ తన చేతిలోకి తీసుకుని ఆయన్ని బంధించింది.

దానికి మూడు రోజుల ముందు తాన్ సితోంగ్ అనే 33 ఏళ్ల సంస్కర్త బీజింగ్‌లోని ఫాహువా గుడిలో దిగిన యువాన్ షికాయ్‌ని రాత్రిపూట కలిశాడు. యువాన్ దగ్గర కొత్త పద్ధతిలో తర్ఫీదు పొందిన 7,000 మంది సైనికులున్నారు. త్సిషీకి కుడిభుజమైన రోంగ్‌లూను చంపి, ఆవిడ ఉంటున్న సమ్మర్ ప్యాలెస్‌ను చుట్టుముట్టమని తాన్ అడిగాడు. యువాన్ అవునూ కాదూ అనకుండా పంపేశాడు, తర్వాత ఆ మాట రోంగ్‌లూ చెవిన వేశాడు. 28న తాన్ సహా మొత్తం ఆరుగురి తలలు కూరగాయల సంత కూడలి చైషికౌలో నరికేశారు. జపాన్‌కు పారిపోయే దారి ఉన్నా తాన్ వెళ్లలేదు. మార్పు కోసం రక్తం చిందించడం చైనాలో తనతోనే మొదలు కావాలన్నాడు.

యువాన్ ఆ రాత్రి సరే అని ఉంటే? నా లెక్కలో 1900లో విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటుకు దర్బారు అండ ఉండేది కాదు, ఎనిమిది దేశాల సైన్యాలు బీజింగ్‌లో దిగేవి కావు, 1910 కల్లా జపాన్ తరహా రాజ్యాంగం వచ్చేది. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

తూర్పుగాలి గారూ, తాన్ సితోంగ్ మీద నాకూ మీకున్నంత గౌరవమే ఉంది. కానీ ఈ మలుపు పనిచేయదు.

యువాన్ మనుషులు ఉన్నది బీజింగ్‌లో కాదు, తియెన్‌జిన్ దగ్గర షియావ్‌జాన్‌లో. అక్కడి నుంచి సమ్మర్ ప్యాలెస్‌కు రావాలంటే దారిలో నియె షిచెంగ్ సైన్యం, రాజధాని పక్కన దోంగ్ ఫుషియాంగ్ గాన్సు దళాలు ఉన్నాయి. రెండూ రోంగ్‌లూ మాట వినేవే. పైగా యువాన్ చెప్పాకే త్సిషీ కదిలిందన్నది పాత కథ. ఆవిడ 19నే రాజమందిరానికి తిరిగి వచ్చేసింది. యువాన్ తియెన్‌జిన్ చేరింది 20న. మళ్లీ పాలన చేపట్టమని ఆవిడకు యాంగ్ చోంగ్‌యీ అనే అధికారి 18వ తేదీనే అర్జీ పెట్టాడు. అంటే యువాన్ నోరు విప్పకముందే బండి కదిలింది.

గ్వాంగ్‌షూ వెనక ఎవరున్నారో కూడా చూడండి. కాంగ్ యౌవే, లియాంగ్ చిచావ్, ఇంకొందరు చదువుకున్న కుర్రాళ్లు. సైన్యం లేదు, ఖజానా లేదు, రాష్ట్రాల్లో గవర్నర్లు చాలామంది ఉత్తర్వులు చదివి పక్కన పెట్టేశారు. గొంతు ఒక్కటీ గట్టిగా ఉంటే రాజ్యం నడవదు.

నా మార్పు ఎవరూ ఊహించని చోట ఉంది, 1712లో. ఆ ఏడాది కాంగ్‌షీ చక్రవర్తి తల పన్ను మొత్తాన్ని శాశ్వతంగా ఖాయం చేశాడు. ఇక మీదట పుట్టే వాళ్లకు అదనపు పన్ను లేదన్నాడు. అప్పటికి అది గొప్ప దయ. కానీ జనాభా పెరుగుతూ పోయి 1850 నాటికి 43 కోట్లు దాటింది. సుమారు 1,300 కౌంటీలు, కౌంటీకి ఒక మేజిస్ట్రేటు. సగటున ఒక్కో అధికారి కింద మూడు లక్షల పైచిలుకు మనుషులు. వాళ్లను చూసుకోవడానికి చాలినంత జీతాలు లేవు, బంట్రోతులు లేరు, గట్లు పోయించడానికి డబ్బు లేదు. లంచం అక్కడ దురలవాటు కాదు, ఆఫీసు నడవడానికి ఉన్న ఒకే ఒక్క ఆదాయం.

ఈ కొరత ఎక్కడ దెబ్బ కొట్టిందంటే తైపింగ్ తిరుగుబాటు దగ్గర. కేంద్రం చేతిలో డబ్బు లేక 1853లో వస్తువుల రవాణా మీద లీజిన్ అనే సుంకం వేసుకునే వీలు రాష్ట్రాలకు వచ్చింది. ఆ సుంకంతో రాష్ట్రాల్లో సైన్యాలు పుట్టాయి. రాజ్యాన్ని కాపాడింది ఆ సైన్యాలే. 1911లో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా విడిపోతామనగలిగిందీ అప్పుడు మొదలైన ఆ బలంతోనే.

తూర్పుగాలి

మాస్టారూ, తేదీల విషయంలో మీరే కరెక్టు. 19, 20 తేడా నేను పట్టించుకోలేదు. కానీ 1712లో మార్పు చేస్తే ఆ తర్వాత వచ్చే మనుషులందరూ వేరే మనుషులైపోతారు. త్సిషీ పుట్టదు, గ్వాంగ్‌షూ పుట్టడు. అది చింగ్ వంశాన్ని బతికించడం కాదు, ఇంకో వంశాన్ని రాయడం. 1793లో బ్రిటిష్ రాయబారి మకార్ట్నీకి చియెన్‌లోంగ్ చక్రవర్తి వ్యాపారానికి ఒప్పుకొని ఉంటే అనే వాదన కూడా ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి ముందే చెబుతున్నా. అదీ ఇంతే దూరం.

వరంగల్‌కోట

నేను తెచ్చేది 1840. ఇందులో మన దేశం చెయ్యి ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నల్లమందు బిహార్, బెనారస్ పొలాల్లో కంపెనీ వాళ్లు పండించి, పెట్టెల్లో కట్టి, కలకత్తాలో వేలం వేసేవారు. అక్కడి నుంచి దొంగతనంగా చైనా రేవు కాంటన్‌కు. మాల్వా నల్లమందు బొంబాయి మీదుగా వెళ్లేది. 1839లో చక్రవర్తి పంపిన అధికారి లిన్ జషూ కాంటన్‌కు వచ్చి 20,000కు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకున్నాడు. జూన్ 3న హుమెన్ ఒడ్డున వాటిని నాశనం చేయడం మొదలైంది. కాల్చలేదు. కాలిస్తే కరిగి నేలలోకి ఇంకుతుంది, జనం ఆ మట్టి తవ్వుకుని మళ్లీ మందు తీస్తారు. అందుకే గోతులు తవ్వించి, అడుగున రాళ్లు పరిచి, పక్కలకు చెక్కలు కొట్టించి నీళ్లు పెట్టించాడు. ఉప్పు పోశారు. నల్లమందు ఉండలు ముక్కలు చేసి వేశారు. పైన సున్నం. బుడబుడమని ఉడికి పొగలొస్తుంటే కూలీలు గోతుల్లో కలియతిప్పారు. సముద్రం పోటు తగ్గగానే తూము ఎత్తి అంతా నీళ్లలోకి వదిలేశారు. మూడు వారాలకు పైగా ఇదే పని. మొదలుపెట్టే ముందు లిన్ సముద్ర దేవతకు మన్నించమని పూజ చేశాడు, నీళ్లలో జీవాలను దూరంగా తప్పుకోమని కోరాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు ఆ మనిషి మీద ప్రేమ పుడుతుంది.

ఇక మలుపు. 1840 ఏప్రిల్‌లో బ్రిటన్ పార్లమెంటులో చైనా విషయంలో ప్రభుత్వాన్ని తప్పుపట్టే తీర్మానం వచ్చింది. 262 మంది అనుకూలం, 271 మంది వ్యతిరేకం. తొమ్మిది ఓట్ల తేడా. ఐదుగురు అటు నుంచి ఇటు వచ్చి ఉంటే ప్రధాని మెల్‌బోర్న్ ప్రభుత్వం పడిపోయేది. నల్లమందు కోసం యుద్ధం చేశామన్న మచ్చ మోయడానికి కొత్త ప్రభుత్వం అంత తేలిగ్గా ఒప్పుకునేది కాదు.

ఇంకో మాట. ఆ యుద్ధంలో బ్రిటిష్ జెండా కింద పోరాడినవాళ్లలో మద్రాసు సిపాయిలున్నారు. మద్రాసు సైన్యంలోకి మన తెలుగు జిల్లాల నుంచి చాలామంది వెళ్లేవారు. 1841 మే నెలాఖరున కాంటన్ బయట సాన్‌యువాన్‌లీ దగ్గర 37వ మద్రాసు రెజిమెంటు కంపెనీ ఒకటి కుండపోత వానలో దారి తప్పింది. చెకుముకి తుపాకులు తడిసి ముద్దయ్యాయి, ఒక్కటీ పేలలేదు. చుట్టూ బరిసెలు, కొడవళ్లు పట్టుకున్న ఊరి రైతులు. సిపాయిలు చతురస్రంగా నిలబడి బాయనెట్లతో కాచుకున్నారు. వానలోనూ పేలే కొత్త రకం తుపాకులున్న మెరైన్లు వెతుక్కుంటూ వచ్చి వాళ్లను బయటపడేశారు. చైనా బడి పుస్తకాల్లో సాన్‌యువాన్‌లీ పెద్ద వీరగాథ. ఆ కథకు అవతలి వైపు వానలో వణుకుతూ నిలబడ్డవాళ్లు మనవాళ్లు.

లెక్కలమాస్టారు

వరంగల్‌కోట గారూ, చాలా బాగా రాశారు. చిన్న అడ్డంకి. ఓటింగు నాటికే నౌకలకు, దళాలకు ఆదేశాలు వెళ్లిపోయాయి. ప్రభుత్వం పడిపోయినా యుద్ధం ఆగేదని నాకు నమ్మకం లేదు. తొందరగా ముగిసేదేమో. 1842 నాన్‌జింగ్ ఒప్పందంలో హాంకాంగ్, ఐదు రేవులు, 2.1 కోట్ల డాలర్లు పోయాయి. వాటిలో కొన్ని మిగిలేవేమో.

మీ కాలానికే దగ్గరగా ఇంకా బలమైన మలుపు ఉంది. 1836లో షూ నైజీ అనే అధికారి నల్లమందును చట్టబద్ధం చేసి పన్ను వేద్దామని దావోగ్వాంగ్ చక్రవర్తికి రాశాడు. కొన్నాళ్లు దర్బారు ఆ వైపు మొగ్గింది కూడా. ఒప్పుకుని ఉంటే లిన్ కాంటన్‌కు వచ్చేవాడే కాదు. చివరికి 1858లో, రెండో యుద్ధంలో దెబ్బతిన్నాక, చట్టబద్ధం చేయక తప్పలేదు.

వరంగల్‌కోట

అది లెక్కకు సరిపోతుంది మాస్టారూ, మనసుకు సరిపోదు. ఊళ్లకు ఊళ్లు మత్తులో పడిపోతుంటే పన్ను వసూలు చేసుకుని బతికిన రాజ్యం బతికి ఎవరికి మేలు?

పాతపటాలు

ఆ చివరి ప్రశ్న దగ్గరే ఆగాలి. ఈ చర్చ మొదటి నుంచీ చింగ్ బతకడం మంచిదే అన్నట్టు సాగుతోంది. 1850 నుంచి 1864 వరకు తైపింగ్ యుద్ధంలో పోయిన ప్రాణాలు రెండు కోట్ల పైమాటే అని చరిత్రకారులు అంచనా వేస్తారు. కరవు, రోగాలు కలుపుకుని. యాంగ్‌జీ నది దిగువ భాగం పాత పటాలు, ఆ తర్వాతి జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే గుండె తరుక్కుపోతుంది.

అందుకే నా మలుపు చింగ్‌ను కూల్చేది. 1853లో తైపింగ్‌లు నాన్‌జింగ్ పట్టుకున్నాక ఉత్తరానికి పంపింది వాళ్ల బలగంలో చిన్న ముక్క. అయినా అది అదే ఏడాది తియెన్‌జిన్ దాపులకు వెళ్లింది. దక్షిణాది సైనికులు, చలికి తట్టుకునే బట్టల్లేవు, తిండి లేదు, వెనక నుంచి పంపిన సాయం చేరలేదు. ఆ చలికాలంలోనే వెనక్కి మళ్లారు, 1855 కల్లా వాళ్ల పని అయిపోయింది. వాళ్ల నాయకుడు హొంగ్ షియూచువాన్ నాన్‌జింగ్‌లో మేడలు కట్టుకోకుండా మొత్తం బలగాన్ని ఉత్తరానికి నడిపించి ఉంటే, యుద్ధం పద్నాలుగేళ్లు సాగకుండా మూడు నాలుగేళ్లలో తేలిపోయేది. ఎవరు గెలిచినా కోటి ప్రాణాలైనా మిగిలేవి.

తూర్పుగాలి గారి షరతుకు ఇది విరుద్ధమని తెలుసు. అయినా చెప్పాలనిపించింది.

తూర్పుగాలి

పాతపటాలు గారూ, చెప్పడమే మంచిదైంది. షరతు పెట్టేటప్పుడు ఈ సంగతి నేను ఆలోచించలేదు. వంశం బతకడం ఒకటి, మనుషులు బతకడం ఒకటి. ఇక నుంచి ఎవరు రాసినా రెండో లెక్క కూడా వేయమని అడుగుతున్నాను.

సీలేరు

నేను ఇక్కడ కొత్త. ఇంజినీరింగ్ చదువుతున్నా, చరిత్ర సరదాగా చదువుతా. 1894 గురించి ఎవరూ రాయలేదేంటి? త్సిషీ నౌకాదళం డబ్బుతో పాలరాతి పడవ కట్టించుకుంది కాబట్టి జపాన్ చేతిలో ఓడిపోయారని ఎక్కడో చదివాను. ఆ డబ్బు నౌకలకే ఖర్చు పెట్టి ఉంటే గెలిచేవాళ్లా?

లెక్కలమాస్టారు

సీలేరు గారూ, మంచి ప్రశ్న. ఆ పడవ గురించి అందరూ చెప్పుకుంటారు కానీ అది అంతకు ముందే ఉన్నది, 1893లో బాగు చేయించారు. సమ్మర్ ప్యాలెస్ పనులకు నౌకాదళం పేరుతో ఉన్న డబ్బు వెళ్లిన మాట మాత్రం నిజం. ఉత్తరాది నౌకాదళమైన పెయాంగ్ దళానికి 1888 తర్వాత కొత్త పెద్ద నౌక రాలేదు. 1891లో విదేశీ ఆయుధాల కొనుగోలు రెండేళ్ల పాటు ఆపమని ఖజానా శాఖ చెప్పింది. జపాన్ అదే సమయంలో వేగంగా కాల్చే ఫిరంగులున్న కొత్త నౌకలు తెచ్చుకుంది.

1894 సెప్టెంబరు 17న యాలూ నది ముఖద్వారం దగ్గర యుద్ధం. చైనావి జర్మనీలో కట్టిన డింగ్‌యువాన్, జెన్‌యువాన్. వాటి ఉక్కు తొడుగు గట్టిది, ఎన్ని గుండ్లు తగిలినా మునగలేదు. కానీ చేతిలో సరైన గుండ్లు చాలినన్ని లేవు. అన్నిటికంటే ఘోరం, దక్షిణాది నౌకాదళాలు ఇది పెయాంగ్ దళాన్ని నడిపే లీ హొంగ్‌జాంగ్ యుద్ధం, మాది కాదన్నట్టు ఉండిపోయాయి. మళ్లీ అదే జబ్బు. రాష్ట్రానికో సైన్యం, రాష్ట్రానికో ఖజానా.

మూల్యం చూడండి. 1895 షిమొనొసెకీ ఒప్పందం కింద తైవాన్ పోయింది, 20 కోట్ల టేళ్ల వెండి పోయింది. గెలుచుకున్న లియావ్‌దోంగ్ ద్వీపకల్పాన్ని జపాన్ వెనక్కి ఇచ్చినందుకు ఇంకో 3 కోట్లు. టేల్ అంటే సుమారు 37 గ్రాములు, మన మూడు తులాల పైచిలుకు. ఒక్క 20 కోట్లే దాదాపు 7,500 టన్నుల వెండి. చింగ్ ఏడాది ఆదాయానికి రెండింతలకు పైనే. రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్, జర్మనీ బ్యాంకుల దగ్గర అప్పు చేసి కట్టారు. ఆ డబ్బు ఆసరాతో జపాన్ 1897లో బంగారు ప్రమాణానికి మారింది. బాక్సర్ల తర్వాత 1901లో మరో 45 కోట్ల టేళ్లు, 39 ఏళ్ల వాయిదాలు, 4 శాతం వడ్డీ. తలకో టేల్ చొప్పున దేశం మొత్తానికి జరిమానా.

1894లో గెలవాలంటే ఒక పడవ డబ్బు చాలదు. ఓడిపోకుండా ఉండాలంటే మాత్రం అసలు కొరియాలో తలపడకుండా ఉండాలి. లీ హొంగ్‌జాంగ్ కోరుకున్నది అదే, దర్బారులో కుర్ర వర్గం యుద్ధం యుద్ధం అంది. ఆ వర్గం మొగ్గింది గ్వాంగ్‌షూ వైపే అన్నది తూర్పుగాలి గారు గమనించాలి.

నల్లరేగడి

నిన్నటి నుంచి చదువుతున్నాను. అందరూ 1900కు ముందే ఆగిపోయారు. నాకు మాత్రం చింగ్ అసలు అవకాశం చివరి మూడేళ్లలోనే కనిపిస్తుంది. ఆ మూడేళ్లూ తలచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే తలుపు నిజంగానే తెరిచి ఉంది.

1901 తర్వాత త్సిషీయే పాత సంస్కరణలన్నీ ఒక్కొక్కటిగా అమలు చేసింది. 1905లో వెయ్యేళ్ల పైబడిన ఉద్యోగ పరీక్షల పద్ధతి రద్దయింది. 1908లో తొమ్మిదేళ్ల రాజ్యాంగ ప్రణాళిక ప్రకటించారు. 1909లో రాష్ట్రాల శాసనసభలు వచ్చాయి. ఓటు హక్కు ఆస్తి, చదువు ఉన్న కొద్దిమంది మగవాళ్లకే. కానీ చైనాలో ఎన్నిక అనే మాట మొదటిసారి నిజమైంది. ఆ సభ్యులు తిరుగుబాటుదారులు కారు. రాజును ఉంచుకుని, రాజ్యంలో తమకూ చోటివ్వమన్న పెద్దమనుషులు. 1910లో మూడుసార్లు బీజింగ్‌కు అర్జీలు తెచ్చారు, పార్లమెంటు త్వరగా పిలవమని. దర్బారు 1913కి ముందుకు జరిపింది, ఆ పైన అర్జీదారులను ఊళ్లకు పొమ్మంది.

1911 మే 8న తొలి మంత్రివర్గం ప్రకటించారు. 13 మందిలో హాన్‌లు, అంటే దేశంలో అత్యధికులైన చైనీయులు, నలుగురే. మిగతావాళ్లలో ఎక్కువ మంది రాజవంశం వాళ్లు. బాలరాజు తండ్రి, రీజెంట్ జాయ్‌ఫెంగ్ తన బంధువులతో రాజ్యాన్ని నింపేశాడు. మర్నాడే, మే 9న, ప్రధాన రైలు మార్గాల జాతీయీకరణ. మే 20న ఆ రైళ్ల కోసం నాలుగు దేశాల బ్యాంకుల దగ్గర 60 లక్షల పౌన్ల అప్పు.

సిచువాన్‌లో రైలు కంపెనీ వాటాలు సరదాగా కొన్నవి కావు. భూమి కౌలు మీద కొంత చొప్పున బలవంతంగా కోసి ఇచ్చినవి. అంటే చిన్న రైతు ఇంట్లో కూడా ఒక రైలు వాటా కాగితం ఉంది. ఆ డబ్బులో కొంత 1910లో షాంఘై రబ్బరు షేర్ల పతనంలో కంపెనీ పెద్దలు పోగొట్టారు. పోయిన దానికి మేం బాధ్యులం కాదని ప్రభుత్వం చెప్పింది. జనం దుకాణాలు మూశారు, వీధుల్లో గ్వాంగ్‌షూ పటం పెట్టి అగరుబత్తీలు వెలిగించారు. చనిపోయిన చక్రవర్తి రైలు వాళ్లకే వదిలేశాడు కదా అని. సెప్టెంబరు 7న ఛెంగ్డూలో గవర్నర్ జనరల్ జావ్ అర్‌ఫెంగ్ నాయకులను అరెస్టు చేసి, వాళ్లను వదలమని వచ్చిన జనం మీద కాల్పులు జరిపించాడు. కోట తలుపులు మూశారు, తంతి తీగలు తెగాయి. అప్పుడు ఊళ్లకు కబురు ఎలా వెళ్లిందో తెలుసా? చెక్క పలకల మీద రాసి, తుంగ్ నూనె పూసి నదిలో వదిలారు. వందల పలకలు ప్రవాహంతో పాటు దిగువ ఊళ్లకు చేరాయి. జనం వాటిని నీటి టెలిగ్రాములు అన్నారు.

ఆ మంట ఆర్పడానికి దువాన్‌ఫాంగ్ అనే పెద్ద అధికారి హుబే సైన్యంలో కొంత భాగాన్ని సిచువాన్‌కు తీసుకెళ్లాడు. హుబే రాజధాని వూచాంగ్‌లో సైన్యం పలచబడింది. అక్టోబరు 9న హాన్‌కౌ రష్యా వాడలో విప్లవకారులు తయారు చేస్తున్న బాంబు చేతిలోనే పేలింది. సభ్యుల జాబితాలు పోలీసులకు దొరికాయి. పేర్లు బయటపడ్డాయి కాబట్టి ఎలాగూ చస్తామని 10 సాయంత్రం ఇంజినీర్ల దళం తిరగబడింది. గవర్నర్ జనరల్ రుయిచెంగ్ నౌక ఎక్కి పారిపోయాడు. రెండు నెలల్లోపు పద్నాలుగు రాష్ట్రాలు దాకా విడిపోయాయి. చాలాచోట్ల ఆ ప్రకటనల కింద సంతకాలు శాసనసభల పెద్దమనుషులవే. 1910లో చేతులు జోడించి అర్జీ ఇచ్చినవాళ్లే.

నా మలుపు 1911 మే 8. ఆ 13 మందిలో ఎనిమిదిమంది హాన్‌లు, వాళ్లలో ముగ్గురు నలుగురు శాసనసభల నుంచి ఉండి ఉంటే, సిచువాన్ గొడవ నష్టపరిహారం బేరంగా మిగిలేది.

పాతపటాలు

నల్లరేగడి గారూ, చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. కానీ జాయ్‌ఫెంగ్ ఆ జాబితా రాసేవాడేనా? మంచూలు దేశంలో చాలా తక్కువ మంది. కోటల్లో, వేరే వాడల్లో, నెలనెలా వచ్చే జీతం బియ్యం మీద బతికారు. అధికారం పంచితే ఆ రక్షణ ఏమవుతుందోనన్న భయం వాళ్లది. ఆ భయం ఉత్తిదేం కాదు కూడా. 1911 అక్టోబరులో షియాన్‌లో మంచూ వాడ మీద పడి వేలమందిని, ఆడవాళ్లను పిల్లలను సైతం, చంపేశారు. 28 ఏళ్ల జాయ్‌ఫెంగ్ ఆ భయంతోనే బంధువులను చుట్టూ పెట్టుకున్నాడు. మార్చాల్సింది జాబితా కాదు, దాన్ని రాసే మనిషిని.

తూర్పుగాలి

మీ ఇద్దరి పోస్టులూ కలిపి చదివాక నాకో మలుపు కనిపించింది. గ్వాంగ్‌షూ 1908 నవంబరు 14న పోయాడు. త్సిషీ 15న పోయింది. ఒక్క రోజు తేడా. 2008లో ఆయన వెంట్రుకలు, బట్టల మీద పరీక్షలు చేసి ఆర్సెనిక్ విషప్రయోగంతో చనిపోయాడని తేల్చారు. ఎవరు పెట్టించారన్నది తేలలేదు. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. ఆ విషం ఆయనకు చేరకపోయి ఉంటే?

ఉద్యోగం పని మీద బీజింగ్ వెళ్లినప్పుడు సమ్మర్ ప్యాలెస్‌లో యూలాన్‌తాంగ్ చూశాను. చెరువు ఒడ్డున ఎర్ర స్తంభాల అందమైన మండపం. పక్క గది తలుపు లోపలికి చూస్తే ఎదురుగా బూడిద రంగు ఇటుక గోడ. 1898 తర్వాత ఆయన బయటికి వెళ్లకుండా కట్టించింది. తలుపు ఉంది, వెనక గోడ ఉంది. జనం ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు, నేను మాత్రం చాలాసేపు కదల్లేకపోయాను. ఆ గోడ వెనక ఉన్న మనిషి పదేళ్లు ఓపిక పట్టాడు. బయటికొస్తే ఏం చేసేవాడు?

లెక్కలమాస్టారు

ఇది నిలబడే మలుపే. అయితే ఆయనను మహానుభావుడిని చేయకుండా లెక్క వేద్దాం.

అనుకూలం ఏమిటంటే ఆయన పేరు. కాంగ్ యౌవే 1899లో కెనడాలో పెట్టిన చక్రవర్తి రక్షణ సంఘానికి విదేశాల్లోని చైనా వ్యాపారులు పెద్ద ఎత్తున డబ్బిచ్చారు. విప్లవకారుల నాయకుడు సన్ యట్‌సెన్ కూడా అదే వ్యాపారుల దగ్గర చెయ్యి చాచాడు. చక్రవర్తి బతికి ఉండి గద్దె మీద కూర్చుంటే ఆ డబ్బులో ఎక్కువ భాగం బీజింగ్ వైపే తిరిగేది. శాసనసభల వాళ్లకూ ఆయన మీద గురి ఉంది, సిచువాన్ వీధుల్లో పెట్టిన పటమే సాక్ష్యం.

ప్రతికూలం యువాన్ షికాయ్. 1909 జనవరిలో జాయ్‌ఫెంగ్ కాలి నొప్పి సాకు చెప్పి అతన్ని ఇంటికి పంపాడు. గ్వాంగ్‌షూ అయితే ప్రాణంతో వదిలేవాడని నేననుకోను. అప్పుడు అతను తయారు చేసిన పెయాంగ్ సైన్యం చూస్తూ ఊరుకుంటుందా? 1909లోనే బీజింగ్ వీధుల్లో కాల్పులు జరిగే ప్రమాదం ఉంది. పదేళ్లు గోడ చూస్తూ బతికిన మనిషి ఆ పగను మింగగలగాలి. మన కథంతా ఆ ఒక్క ముడి మీదే నిలుస్తుంది.

వరంగల్‌కోట

ఆరోగ్యం సంగతి మరవకండి. విషం సంగతి పక్కన పెట్టినా చిన్నప్పటి నుంచి రోగిష్టి. పిల్లల్లేరు. వారసుడిగా మళ్లీ తమ్ముడి కొడుకు పూయీనే తెచ్చుకోవాలి. ఐదారేళ్లు బతికితే గొప్ప.

నల్లరేగడి

ఐదారేళ్లు చాలు. 1913లో పార్లమెంటు కూర్చుంటే ఆ తర్వాత రాజు ఎవరన్నది అంత ముఖ్యం కాదు. మంచూ రాజు వద్దనుకున్నా రాజు అనే పీఠం ఉంచాలని అప్పట్లో కొందరు ఆలోచించారు. కన్ఫ్యూషియస్ వంశస్థుడిని, లేదా పాత మింగ్ వంశం వాడిని కూర్చోబెడదామన్న మాట కూడా వచ్చింది. అంటే పీఠం మీద ద్వేషం కన్నా పంచుకోనన్నవాళ్ల మీద కోపమే ఎక్కువ.

సీలేరు

ఇలా బతికితే సరిహద్దుల సంగతేంటి? మంగోలియా, టిబెట్ ఎలా ఉండేవి?

పాతపటాలు

నాకు ఇష్టమైన ప్రశ్న. బతికిన చింగ్ అక్కడ మంచిదిగా ఉండేది కాదు. చివరి ఏళ్లలో మంగోలియా మేత భూముల్లోకి హాన్ రైతులను వదిలారు. ఆ మంటతోనే 1911 డిసెంబరు 29న మంగోలులు స్వతంత్రం ప్రకటించుకున్నారు. 1910 ఫిబ్రవరిలో చింగ్ దళాలు లాసాలో దిగాయి, పదమూడో దలైలామా డార్జిలింగ్‌కు వచ్చేశారు. 1911లో చైనా కూలడంతో ఆ దళాలు చిక్కుబడి వెళ్లిపోవాల్సి వచ్చింది, ఆయన తిరిగి వెళ్లగలిగారు. వంశం బతికి ఉంటే దళాలు అక్కడే ఉండేవి. 1914 సిమ్లా చర్చలు మనకు తెలిసిన రూపంలో జరిగేవి కావు, మెక్‌మహాన్ గీత గీసి ఉండేవారు కాదు. మన ఈశాన్యం పటం వేరేగా ఉండేది. బీజింగ్‌కు మంచి రోజులు లాసాకు చెడ్డ రోజులు. తూర్పుగాలి గారు రాసేటప్పుడు ఈ పుటను దాటెయ్యకూడదు.

తూర్పుగాలి

దాటెయ్యను, మాట. 1898ని వదిలేస్తున్నాను. మీ అందరి వాదనలతో మలుపు 1908 నవంబరుకు మార్చాను. కథకు పేరు ‘గ్వాంగ్‌షూ 35వ ఏడు’, అంటే 1909. మొదటి భాగం యువాన్ షికాయ్‌ని ఏం చేయాలన్న దర్బారు చర్చతో మొదలుపెడదామనుకుంటున్నా.

పాతపటాలు

యువాన్ రెండో భాగంలో రానివ్వండి. 1909 అక్టోబరు 2తో మొదలుపెట్టండి. బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌ రైలు మార్గం నాన్‌కౌ స్టేషన్‌లో ప్రారంభమైన రోజు. కట్టింది జాన్ తియెన్‌యౌ. 1872 నుంచి చింగ్ ప్రభుత్వం అమెరికా పంపిన 120 మంది పిల్లల్లో ఒకడు. 1881లో దర్బారు భయపడి వాళ్లందరినీ చదువు మధ్యలోనే వెనక్కి పిలిచినా అప్పటికే యేల్‌లో డిగ్రీ పూర్తి చేసిన కొద్దిమందిలో ఆయన ఉన్నాడు. గొప్ప గోడ కింద బాదాలింగ్ దగ్గర 1,091 మీటర్ల సొరంగం తవ్వించాడు, విదేశీ ఇంజినీర్ల చెయ్యి లేకుండా. చింగ్‌లోంగ్‌చియావ్ దగ్గర ఏటవాలు ఎక్కలేక రైలు ముందుకెళ్లి, ఆగి, వెనక్కి మళ్లి కొండెక్కుతుంది. ఆ ప్రారంభానికి గ్వాంగ్‌షూ రాలేకపోయాడు, పోయి అప్పటికి పదకొండు నెలలు కావస్తోంది. మీ కథలో ఆయన్ని ఆ బోగీలో కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

తూర్పుగాలి

కూర్చోబెడతాను. రైలు చింగ్‌లోంగ్‌చియావ్ దగ్గర ఆగి వెనక్కి కదిలినప్పుడు ఆయన ఉలిక్కిపడతాడు, పక్కనున్న జాన్ తియెన్‌యౌ ఎందుకలా వెళ్తోందో చెబుతాడు. మొదటి భాగం ఆదివారం రాత్రికి ఇక్కడే పెడతాను. లెక్కలమాస్టారూ, తేదీలు ముందు మీరు చూడాలి.

లెక్కలమాస్టారు

పంపండి. శనివారం ఖాళీగానే ఉంటాను.